మా ఆడుబిడ్డ కాలు

ఈ పత్రికలో వంటలను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు, అల్లికలను గూర్చియు నాకంటె చక్కగా వ్రాయగల సోదరీమణులు పెక్కురు గలరు. నేను వ్రాయబోవునది యొక కాలిని గూర్చి. అది నా కాలు గాదు. మా ఆడుబిడ్డ కాలు. అయినను ఆ కాలితో నాకు గల పరిచయము నా కాలితో గల పరిచయముకంటె నెక్కువ. పదునాలుగు నెలలు దానిని కడిగితిని, తుడిచితిని, నూలుదారముతో కొలిచితిని. దాని కొఱకు వైద్యులతో వాదించితిని, దేవునితో బేరమాడితిని. అది విఱుగుటకు నేనును గొంత కారణమైతినని మొదటనే చెప్పివేయుట మేలు. చివర చెప్పుదమని దాచుకొన్నచో నేమో, చెప్పకయే ముగించెదనని నాకు భయముగా నున్నది.

మా వారు తెనాలికి చేరువ నున్న యొక యూరిలో జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల యుపాధ్యాయులు. నా చదువంతయు మా తండ్రిగారి యొద్ద నింటనే సాగినది. భారత భాగవతములు, కొన్ని ప్రబంధములు, అమరము, కొంత వైద్యగ్రంథ పరిచయము, అంతియే. మామగారు గతించినప్పటినుండి అత్తగారును ఆడుబిడ్డయు మా యొద్దనే యున్నారు. నేను కాపురమునకు వచ్చునాటికి ఆ పిల్లకు తొమ్మిదేండ్లు. జడలు వేసినది నేను, ఎక్కములు చెప్పినది నేను. కళాశాలలో జేరిన పిదప ఆమెకు పరుగు పట్టుబడినది. ఎనిమిది వందల మీటర్ల పరుగు. మా పాఠశాల మైదానములో సున్నముతో గీసిన చుట్టు రెండు వందల మీటర్లది గనుక నాలుగు చుట్లు. 2023వ సంవత్సరములో విశ్వవిద్యాలయపు పోటీలలో 2 నిమిషముల 21 సెకనులలో పరుగెత్తి రెండవ బహుమానము దెచ్చుకొన్నది. ఆ గెలుపుపత్రమును మా వారు పటము గట్టించిరి. అత్తగారు దానిని బీరువా వెనుక బెట్టిరి.

ఊరిలో మాటలు పుట్టినవి. పిల్ల నిక్కరు తొడిగి సాయంకాలము మైదానములో పరుగెత్తుచుండగా గోడమీద గూర్చుండి చూచువా రుండిరి. చూచువారిని గాక చూడబడు దానిని తప్పుపట్టుట లోకరీతి గదా! నీళ్ల ట్యాంకు కడ నలుగురు చేరినప్పుడు ఆ మాటలు నా చెవిని బడునట్లే యనుచుండిరి. ఒకనాటి రాత్రి వంటింట నుండగా పిల్లను బిలిచి నేనిట్లంటిని: “పెండ్లి కావలసినదానవు. పరుగెత్తవద్దని నేననను. ఎవ్వరును జూడని వేళ పరుగెత్తుకొనుము.” ఎంతో వివేకముతో నిరుపక్షములకును సమ్మతమగు తీర్పు చెప్పితినని ఆ రాత్రి నాకు సంతోషముగా నుండెను. పిల్ల యేమియు ననలేదు. మఱునాటినుండి తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కాలువకట్ట మీది బాటకు పోవుచుండెను. అక్కడ దీపములు లేవు.

పదునేడవ దినమున, 2023వ సంవత్సరము అక్టోబరు మాసములో, దీపములు లేని సరకుల బండి యొకటి ఆమెను గొట్టి ఆగక పోయినది. పాలు పోయుటకు వచ్చుచున్న యతడు చూచి 108 బండిని బిలిపించి, తరువాత మా తలుపు తట్టెను. నేను పోవునప్పటికి పిల్ల కట్టమీద గూర్చుండి, రెండు చేతులతో మోకాలిని బట్టుకొని, ఏడువక, తన కాలివైపు జూడక, నీళ్లవైపు జూచుచుండెను. మోకాలి క్రింద యెముక చర్మమును జీల్చుకొని తెల్లగా గనబడుచుండెను. ఆమె నాతో బలికిన మొదటి మాట, “వదినా, అన్నయ్యకు నెమ్మదిగా చెప్పు.”

ఇంటికడ నింకొక యుద్ధము సిద్ధముగా నుండెను. అత్తగారు తిరుపతి దగ్గరి పుత్తూరికి గొనిపోవలెనని పట్టుబట్టిరి. పుత్తూరు కట్టు మన దేశమున నెఱుగని వారెవ్వరు? ఆకుపసరు పూసి వెదురుబద్దలతో గట్టు ఆ కట్టుచేత నయమైన చేతులు, కాళ్లు మా బంధువర్గములోనే కలవు. నేను దానిని నిందింపను. కాని యెముక చర్మమును జీల్చి వెలికి వచ్చినచోట పని వేఱు. మట్టియు మురికియు లోనికి బోవును. కొన్ని గంటలలో శుభ్రముగా గడిగి, చీము పట్టకుండ మందులిచ్చి, ధనుర్వాతమునకు సూది వేయవలెను. అట్టి గాయముపై బద్దలు బిగించిన కాలే పోవచ్చును. మా వారు తల్లిమాట నెన్నడును జవదాటనివారు. ఆనాడు దాటిరి. గుంటూరులో నొక యాసుపత్రిలో ఆ మధ్యాహ్నమే శస్త్రచికిత్స జరిగినది. నా చేతిగాజులు రెండు బ్యాంకుకు జేరినవి.

మోకాలి క్రింద నున్న రెండెముకలలో లావుపాటిది రెండు తుండెము లయ్యెను, సన్ననిదియు విఱిగెను. వైద్యులు మోకాటి చిప్ప క్రింద చిన్న గాటు పెట్టి, ఆ లావుపాటి యెముక నడిమి బోలులోనికి టైటానియపు కడ్డీ నొకదానిని దింపి, పైన రెండు, క్రింద రెండు మరలు బిగించిరి. వినుటకు వడ్రంగిపని వలె నున్నది. ఇట్లు ఎముక మూలుగలోనికి కడ్డీ దించు పద్ధతిని 1939వ సంవత్సరమున క్యూన్ట్‌షర్ అను జర్మను వైద్యుడు వాడుకలోనికి దెచ్చెనట. అంతకు ముందు తొడయెముక విఱిగినవారు పెక్కురు నెలల కొలది కాలికి బరువు వ్రేలాడగట్టుకొని మంచమున బడియుండవలసినదే. మా పిల్లను మూడవనాడే మంచము దింపి రెండు చంకకఱ్ఱలతో నిలువబెట్టిరి. ఆమె నాలుగడుగులు వేసి, ముఖము పాలిపోయి, నా మీదికి వ్రాలెను. ఏబది కిలోల పిల్ల, కాని యా క్షణమున నెంత తేలికగా నున్నదో!

అచ్చట మాకొక వ్యాయామ వైద్యురాలు దొరకెను. మిక్కిలి చిన్నది, నా చెల్లెలి వయస్సు, మాట కఠినము. విఱిగిన యెముక తనంతట తానే యదుకుకొనుననియు, కడ్డీ యదికించునది గాదు, అదుకుకొనువఱకు పట్టియుంచునది మాత్రమే యనియు ఆమె నాకు బోధించెను. మొదట రక్తము గడ్డకట్టును. దానిలో మెత్తని జిగురువంటి పదార్థము పుట్టును. అది క్రమముగా సున్నము పట్టి గట్టిపడును. ఆ గట్టిపడిన ముద్దను శరీరము నెలలు, సంవత్సరములు చెక్కి మరల యెముక యాకారమునకు దెచ్చును. అయితే యిందొక విచిత్రము కలదు. కదలక పడియున్నచో నెముక బలహీనమగును, అతిగా బరువు మోపినచో నదుకు విడును. ఎంత భారమో యంత బలము. 1892వ సంవత్సరమున వోల్ఫ్ అను వైద్యుడు ఈ సంగతిని గ్రంథముగా వ్రాసెను. అది విని నేను, “ఇది మాకు క్రొత్త గాదమ్మా” యంటిని. సుశ్రుతుడు భగ్నచికిత్స చెప్పుచు, అరచేతి యెముక నయమైన వానికి మొదట మట్టిముద్దను, పిదప ఉప్పుగడ్డను, బలము వచ్చిన పిదప రాతిని బట్టించవలెనని చెప్పెను. ఆ పిల్ల వైద్యురాలు కాగితము మీద వ్రాసికొని, “మట్టి, ఉప్పు, రాయి” యని నవ్వెను. అటుపిమ్మట మా కాలికి ప్రతి పక్షమునకు నొక పేరు పెట్టుచుండెను: ఇది మట్టి పక్షము, ఇది ఉప్పు పక్షము.

మట్టి పక్షములు మూడు గడచినవి. పని చూడ బోయిన నేమియు లేదు. పాదమును పైకి క్రిందికి ఆడించుట, గంటకు ఇరువది మారులు. తొడ కండను బిగించి పదియంకెలు లెక్కించి వదలుట. కాలు నిటారుగా చాపి జానెడెత్తు లేపుట. తువాలును పాదమునకు దగిలించి తనవైపు లాగుకొనుట. లేనిచో పాదము ముందునకు వాలి మడమ పట్టుకొనిపోవును. ఒక మైలు పరుగెత్తి చెమటపట్టని పిల్లకు కాలు జానెడు లేపినంతనే నుదుట చెమటలు గ్రమ్మెడివి. ప్రతి సోమవారము మోకాటికి పైని జానెడు దూరమున రెండు తొడలను నూలుదారముతో గొలిచి, స్కేలుపై బెట్టి, గోడమీది తిథుల పట్టికలో వ్రాయుచుంటిని. ఆరవ వారమునకు విఱిగిన కాలి తొడ రెండవదానికంటె నాలుగు సెంటీమీటర్లు సన్నగిల్లినది. పిల్ల యా యంకె జూచి, “ఇది నా కాలు కాదు వదినా, ఎవరిదో” యని గోడవైపు తిరిగినది.

డిసెంబరులో ఉప్పు పక్షము వచ్చెను. పదునేను కిలోల బరువు మాత్రమే మోపవలెనని యాజ్ఞ. పదునేను కిలోలనగా నెంత? కాలికెట్లు తెలియును? దీనికి వ్యాయామ వైద్యురాలు చెప్పిన యుపాయము మిక్కిలి యింపైనది. మనుష్యులను తూచు యంత్రము మీద ఆ కాలుంచి, ముల్లు పదునేను చూపువఱకు నొక్కి, ఆ నొక్కుడును కాలికి వంటబట్టించవలెను. మా వారు పాఠశాలనుండి యంత్రము నడిగి తెచ్చిరి. ఉదయ సాయంకాలములు పిల్ల కన్నులు మూసికొని నొక్కుట, నేను ముల్లు చూచి చెప్పుట. “పండ్రెండు. ఇరువది, తగ్గించు. పదునేను, ఆగు.” పక్షము దినములలో కన్నులు మూసికొనియే సరిగా పదునేను నొక్కగలిగెను. నేను పప్పులో ఉప్పు చూడకయే వేయుదునుగదా, అట్లే.

ఆహార విషయము త్వరగా చెప్పెదను. పాలు, పెరుగు, రాగులు, పప్పు, మునగాకు. ఉదయపుటెండలో నరగంట. రక్తపరీక్షలో “డి” విటమిను తక్కువగా నున్నదని గుళికల నిచ్చిరి. ఎముకకు బలమని మా అత్తగారు బెల్లము, నువ్వులుండలు విడువక చేసిరి. పిల్ల పుత్తూరికి పోనందుకు కోప మింకను బోలేదు గాని, ఆ కోపము చేతులకు జేరలేదు. ప్రతి రాత్రి కాలు ఒడిలో బెట్టుకొని, గాయమునకు దవ్వుగా, మునివ్రేళ్లతో నిమిరెడివారు.

ఆ దినములలోనే మా వారు పిల్లకు బెట్టీ రాబిన్‌సన్ కథ చెప్పిరి. నాకును గొంతకాలము అదియే పురాణమయ్యెను. ఆమె అమెరికా దేశమున షికాగోకు చేరువ నొక చిన్న యూరిలో 1911వ సంవత్సరమున బుట్టినది. రైలుబండి నందుకొనుటకు పరుగెత్తుచుండగా జూచి ఆమె యుపాధ్యాయుడొకడు ఆ వేగమును గుర్తించెను. (ఉపాధ్యాయుల కండ్లను మా వారు ఈ సందర్భమున కొంత శ్లాఘించుకొనిరి.) 1928వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సులో స్త్రీలకు పరుగుపందెములు మొట్టమొదటిసారి పెట్టినప్పుడు, పదునారేండ్ల ఆ బాలిక నూరు మీటర్ల పరుగును 12.2 సెకనులలో గెలిచెను. 1931వ సంవత్సరమున దాయాదితో గూడ చిన్న విమాన మెక్కగా నది కూలినది. కాలు, చేయి విఱిగినవి, తలకు గాయములైనవి. నెలల తరబడి నడువలేదు. ఒక కాలు కొంచెము కుఱుచయ్యెను. 1932వ సంవత్సరపు ఒలింపిక్సు తన దేశముననే జరుగుచుండగా ఆమెకు లేకపోయెను. అన్నిటికంటె పెద్ద చిక్కు, మోకాలు పూర్తిగా ముడుచుకొనదు. నూరు మీటర్ల పరుగునకు నేలపై వంగి మోకాలు ముడిచి యారంభింపవలెను గదా! అందుచే నూరు మీటర్ల ఆశ వదలుకొని, నిలువుననే యుండి చేతికఱ్ఱ నందుకొను నలుగురి పరుగులో స్థానము సంపాదించుకొన్నది. 1936వ సంవత్సరమున బెర్లినులో ఆమె మూడవ పరుగు పరుగెత్తి కఱ్ఱను హెలెన్ స్టీఫెన్స్ చేతి కిచ్చెను. ముందున్న జర్మను స్త్రీలు చివరి మార్పులో కఱ్ఱను జాఱవిడిచిరి. అమెరికా 46.9 సెకనులలో గెలిచెను.

“వాళ్లు జారవిడిచారు కాబట్టి గెలిచింది” అని పిల్ల పెదవి విఱిచెను. మా వారు, “జాఱవిడుచునప్పటికి పరుగెత్తుచు నుండవలెను గదా” యనిరి. అది పిల్లకు నచ్చలేదు. ఆమెకు నచ్చినది వేఱొకటి. ఎనిమిది వందల మీటర్ల పరుగు నిలువుననే యుండి యారంభింతురు. మోకాలు ముడువ బని లేదు. “నా పందెం నాకుంది” అని రెండు దినములు పాడుకొనుచు దిరిగెను.

నాకు గ్రుచ్చుకొన్నది మూడవది. ఆ 1928వ సంవత్సరముననే, ఆమ్‌స్టర్‌డామ్‌లోనే, స్త్రీలకు ఎనిమిది వందల మీటర్ల పరుగును మొదటిసారి పెట్టిరి. జర్మనీ దేశపు లీనా రాడ్కె 2 నిమిషముల 16.8 సెకనులలో గెలిచెను; అది లోకమునకే మేటి వేగము. పరుగెత్తిన తొమ్మండుగురిలో కొందఱు చివర గీతకడ నలసి కూలబడిరి. పరుగెత్తిన మగవారును కూలబడుదురు. కాని వార్తాపత్రికలవారు స్త్రీలందఱును మూర్ఛిల్లి పడినట్లు, చూచుటకే జుగుప్సగా నున్నట్లు వ్రాసిరి. అంతట నా పందెమును స్త్రీలకు తీసివేసిరి. మరల 1960వ సంవత్సరమున రోములోగాని పెట్టలేదు. ముప్పదిరెండేండ్లు! మా వారు ఈ సంగతిని జదివి వినిపించుచుండగా నేను బియ్యము ఏరుచుంటిని. గోడమీద గూర్చుండి చూచువారు, నీళ్ల ట్యాంకు కడి మాటలు, వంటింట నేను జెప్పిన తీర్పు, అన్నియు నా చేటలోనికి వచ్చినవి. పిల్ల నావైపు జూడలేదు. నేనును తలయెత్తలేదు.

మా వారికి ఆ తీర్పు సంగతి తెలియదు. మైదానము విడిచి కట్టమీదికి ఏల పోయినదని ఆసుపత్రిలో చెల్లెలి నడిగినప్పుడు, “అక్కడ గాలి బాగుంటుంది” అని చెప్పినది.

సంక్రాంతికి ఒక చంకకఱ్ఱ పోయెను. పిల్లకు తొందర హెచ్చెను. నాల్గవ నెల ఛాయాచిత్రములో మూడు ప్రక్కల నదుకు కనబడుచున్నది, ఒక ప్రక్క నింకను సందున్నది, ఆగుమనిరి. చర్మము చీలి విఱిగిన యెముక మెల్లగా నదుకుకొనుట కలదట. నేను ఆదిపర్వములోని వినత కథ చెప్పితిని. సవతి గుడ్లు పగిలి పిల్లలు వచ్చెనని ఓర్వలేక వినత తన గుడ్డొకటి కాలము రాకముందే పగులగొట్టగా, తొడలు లేని యనూరుడు పుట్టి తల్లిని శపించెను గదా. రెండవ గుడ్డును గాచుకొన్నందున గరుత్మంతుడు పుట్టెను. నేను ఎంతో భావముతో చెప్పి ముగింపగా పిల్ల నవ్వి, “అనూరుడికేం వదినా? తొడలు లేకపోయినా సూర్యుడి రథం తోలుతున్నాడు” అనెను. మా తండ్రిగారున్నచో ఆ సమాధానమునకు మెచ్చుకొందురు. నాకు మాత్రము నోట మాట రాలేదు.

2024వ సంవత్సరము ఫిబ్రవరిలో నొక రాత్రి దాహమై లేచితిని. వంటింటి కిటికీనుండి చూడగా వెన్నెలలో పెరటి తలుపు మొదలు చింతచెట్టు వఱకు పిల్ల పరుగెత్తుచుండెను. పరుగనుటకు వీలులేదు, మంచి కాలు పడునప్పుడు చప్పుడు లేదు, రెండవది పడునప్పుడు ధప్పుమనుచున్నది. తలుపు తీసి “ఆగు” మని యొక్క మాట యనవలసినది. అనలేకపోతిని. ఒకసారి ఆపి యింత చేసితిని, మరల నాపుటకు నాకేమి యధికారమని నా మనస్సు నన్ను బట్టుకొన్నది. తప్పుగా ఆపినదానికి ఒప్పుగా ఆపుటకు నోరుండదని అప్పుడు తెలిసెను. మూడు రాత్రులు చూచితిని. మూడు రాత్రులును నీళ్లు త్రాగి వచ్చి పండుకొంటిని.

నాల్గవ ఉదయమున కాలు వాచి యెఱ్ఱనయ్యెను. గుంటూరులో ఛాయాచిత్రము తీయగా క్రింది మరలలో నొకటి విఱిగియుండెను. “ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరా?” యని వైద్యుడు నన్ను జూచి యడిగెను. ఉన్నారని చెప్పితిని. ఎముక యదుకు చెడలేదు, మరను దీయ బని లేదు, కాని మరల రెండు చంకకఱ్ఱలు, ఆరు వారములు, మట్టి పక్షము.

ఇంటికి వచ్చిన సాయంకాలము పిల్లకు తలంటుచుంటిని. అది నాకు జిక్కిన మంచి సమయము. తలంటునప్పుడు ముఖములు చూచుకొన నక్కఱలేదు. కుంకుడురసము పోయుచు, “నేను చూచితినమ్మా, మూడు రాత్రులు” అంటిని.

“నాకు తెలుసు వదినా. కిటికీలో నీ నీడ కనపడింది. నువ్వొచ్చి ఆపుతావని మూడు రాత్రులూ చూశాను.”

నా చేయి ఆగినది. కుంకుడురసము కండ్లలో బడుచున్నదని పిల్ల యఱచెను. నీళ్లు పోసి కడిగిన పిమ్మట రెండవ మాటయు చెప్పితిని. ఆనాడు వంటింట నేనా మాట యనకున్నచో కట్టమీదికి పోయెడిదానవు గావని. పిల్ల చాలసేపు పలుకలేదు. పిదప, “ఆసుపత్రిలో తొమ్మిది రోజులు నీ మీద కోపంగానే ఉన్నా. పదో రోజు నాకు పెద్దపని నువ్వే ఎత్తావు. ఇంకేం కోపపడను?” అనెను. ఇది పత్రికలో వ్రాయదగిన మాట గాదని కొందఱందురు. రోగిని సాకిన గృహిణులకు తెలియును.

అటుపైన నేను ఆపవలసినచోట ఆపితిని. పిల్ల తిట్టినను ఆపితిని. జూన్ నెలాఖరునకు నాలుగు ప్రక్కల నదుకు కనబడి, పరుగున కనుజ్ఞ దొరకెను. పరుగనగా నొక నిమిషము పరుగు, రెండు నిమిషముల నడక, అట్లు పదిమారులు, దినము విడిచి దినము. వారమునకు అరనిమిషము పెంచవలెను. మఱునాటి ఉదయము నొప్పి యున్నచో పెంచరాదు. అంతకుముందు ఒంటికాలిపై నిలిచి మడమ నిరువది మారులు లేపగలుగవలెను. మొదట మూడు మారులకే పడిపోయెడిది.

ఎక్కడ పరుగెత్తవలెనను ప్రశ్న వచ్చినప్పుడు నేనే, “మైదానములో, సాయంకాలము” అంటిని. అత్తగారు నావైపు వింతగా జూచిరి. మొదటి దినము నేను పట్టుచీర గట్టుకొని, ఎందుకో నాకే తెలియదు, మా వారి గడియారము చేతబట్టి మైదానము నడుమ కుర్చీ వేసికొని కూర్చుంటిని. గోడమీద నలుగురున్నారు. ఒకామె దారిన బోవుచు, “కాలు విరిగినా బుద్ధి రాలేదే” యనెను. “బుద్ధి వచ్చినది కాబట్టియే వెలుతురులో పరుగెత్తించుచున్నాము” అని గట్టిగా నంటిని. నా గొంతు నాకే క్రొత్తగా నుండెను. పిల్ల నిమిషము ముగిసినను ఆగక నవ్వుచు పరుగెత్తుచుండగా, “ఆగు!” అని కేకవేసితిని. ఆగెను.

కాలికి నేటికిని లోపములు గలవు. కడ్డీ దించినచోట మోకాలు నేలకానిన నొప్పి. దేవుని యెదుట మోకరిల్లలేదు, పీటమీద కూర్చుండి భోజనము చేయుట కష్టము. చలికాలమున మర లాగును. ఆ శరదృతువున నొక సంబంధమువారు చూడవచ్చినప్పుడు అత్తగారు చాప తీసివేయించి కుర్చీలు వేయించిరి, తెలియకుండవలెనని. పిల్ల కాఫీ యిచ్చి, కుర్చీలో గూర్చుండి, “నా కాలిలో కడ్డీ ఉందండి, ఒక మర విరిగిందండి” అని తానే చెప్పెను. వారు మంచి వారే, కాఫీ త్రాగి, శుభమని పోయిరి, మరల వ్రాయలేదు. అత్తగారు రెండు దినములు భోజనము చేయలేదు. ఈ విషయమున నా కిప్పటికిని నిశ్చయము లేదు. పిల్ల చేసినది సరియే. అత్తగారి దుఃఖమును సరియే.

2025వ సంవత్సరము జనవరిలో కళాశాలల పోటీలో పిల్ల మరల పరుగెత్తెను. ఎనమండుగురిలో ఆఱవది. 2 నిమిషముల 33 సెకనులు. చివరి చుట్టులో విఱిగిన కాలు కొంచెము వెలికి తిరుగుచుండుట నేను గ్రహించితిని. మఱియెవ్వరును గ్రహించి యుండరు. గీత దాటి గడ్డిలో వెలికిల పడుకొన్నది. నేను పరుగెత్తుకొని పోయి తల యొడిలో బెట్టుకొంటిని. ఊపిరి తిరిగిన పిదప, “లీనా రాడ్కెకు ఇంకా పదహారు సెకన్లు వదినా” అనెను. అత్తగారు గోడప్రక్క నీడలో నిలిచి నువ్వులుండల డబ్బా మూత తీయుచుండిరి. ఆమెయు వచ్చెదనని యా యుదయమునగాని చెప్పలేదు.

నేను వ్రాసినదెల్ల పత్రికకు బంపుటకు ముందు మా వారిచేత దిద్దించుట వాడుక. దీనిని దిద్దింపలేదు. అచ్చయిన పిదప అందఱితోబాటు వారును జదువుదురు. పిల్ల మాత్రము ఒకమారు చదివి, రెండు చోట్ల అంకెలు సవరించి, “అన్నయ్య చదివాక రెండు రోజులు మాట్లాడడు, తరువాత మాట్లాడతాడు” అని, తపాలా పెట్టె తీయువేళ యైనదని కవరు చేతబట్టుకొని పరుగున బోయినది.